ముందు జేబుల లెక్క తేల్చుకోండి, ఆ తర్వాతే బ్యాంకాక్ టికెట్

ప్రశ్న: అన్నా, మాది జడ్చర్ల. డిగ్రీ కలిసి చదివిన ఐదుగురం. ఒకడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, ఒకడికి మొబైల్ షాపు, ఇద్దరం పోలేపల్లి సెజ్‌లో ఫార్మా కంపెనీలో చేస్తాం, ఒకడు ప్రైవేటు స్కూల్లో టీచర్. నాలుగైదు రోజులు బ్యాంకాక్ పోవాలని ఏడాది నుంచి అనుకుంటున్నాం. తలా 40 వేలు అనుకున్నాం. ఏజెంటేమో బ్యాంకాక్, పట్టాయా కలిపి నాలుగు రాత్రుల ప్యాకేజీ తీసుకోమంటున్నాడు. సాఫ్ట్‌వేర్ వాడికి మంచి హోటల్ కావాలి, టీచర్ ఏమీ మాట్లాడడు. మాలో ఒకడు గుడ్డు కూడా ముట్టడు. ఇంకొకడికి పెళ్లి కుదిరింది, బ్యాంకాక్ అంటే ఇంట్లో గొడవ అవుతుందని గోవా అని చెప్పి పోదాం అంటున్నాడు. ఇద్దరికి పాస్‌పోర్ట్ కూడా లేదు. ప్యాకేజీ మంచిదా, సొంతంగా పోవచ్చా? ఏ నెలలో పోవాలి?

సమాధానం: తమ్ముడూ, నీ ఉత్తరంలో నేను ఆగిపోయింది "టీచర్ ఏమీ మాట్లాడడు" అన్న దగ్గర. హోటల్, ప్యాకేజీ, పట్టాయా అన్నీ తర్వాత చూద్దాం. ప్రైవేటు స్కూలు జీతం ఎంతో, ఎండాకాలం సెలవుల్లో అదైనా చేతికి వస్తుందో రాదో మన పాలమూరులో ఎవరికి తెలియదు? 40 వేలు అనగానే వాడు సరే అనలేడు, నా వల్ల కాదని నలుగురి ముందు చెప్పనూ లేడు. ఇలాంటి ట్రిప్పులు చివరికి రెండు రకాలుగా చెడతాయి. టికెట్లు కొనే వారం వాడు ఇంట్లో ఏదో సమస్య అని తప్పుకుంటాడు, మీరంతా వాడి మీద కోపం పెట్టుకుని పోతారు. లేదా చేబదులు తెచ్చుకుని వస్తాడు, వచ్చాక ప్రతి చాయ్ దగ్గరా లోపల లెక్క వేసుకుంటూ తిరుగుతాడు, మూడో రోజుకు మీలో ఎవరో ఒకరు "ఏందిరా నీ పిసినారితనం" అని ఒక మాట జారతారు. ఆ మాట పదేళ్లు ఉంటుంది.

కాబట్టి ముందు నువ్వొక్కడివే వాడిని కలువు. గ్రూపులో అడగొద్దు, ఫోన్‌లో కూడా వద్దు, కూర్చుని అడుగు, నీకు ఎంతైతే ఇబ్బంది లేకుండా ఉంటుందిరా అని. వాడు చెప్పిన అంకె ఏదైతే అదే మీ అందరి ట్రిప్పు బడ్జెట్. ఎక్కువ ఉన్నవాడు ఎక్కువ ఖర్చు పెట్టుకోవడానికి దారులు వందుంటాయి, తక్కువ ఉన్నవాడికే దారి ఉండదు. నా అంచనాలో వాడు 30 వేలు అంటాడు. అంతలో అవుతుందా అంటే, కొంచెం బిగించి పట్టుకుంటే దాదాపు అంతలోనే అవుతుంది, లెక్క చెప్తాను.

శంషాబాద్ నుంచి బ్యాంకాక్ మూడున్నర గంటల ప్రయాణం. మామూలు రోజుల్లో రానూపోనూ టికెట్ 15 వేల నుంచి 25 వేల మధ్యలో దొరుకుతుంటుంది, రెండు మూడు నెలల ముందు కొని, శుక్ర శనివారాలు కాకుండా వారం మధ్యలో బయలుదేరితే కింది అంకెకు దగ్గరగా వస్తుంది. 17 వేలు అనుకుందాం. అక్కడి డబ్బు బాత్. ప్రతి ధరనీ మూడుతో గుణించుకోండి, అసలు రేటు కంటే కాస్త ఎక్కువే వస్తుంది కానీ జేబుకు అది మంచిది. శుభ్రమైన హాస్టల్లో ఏసీ డార్మిటరీ మంచం 400 బాత్‌ల చుట్టూ ఉంటుంది, నాలుగు రాత్రులకు 1,600, అంటే 4,800 రూపాయలు. తిండికి రోజుకు 300 బాత్‌లు పెట్టుకుంటే నాలుగు రోజులకు 3,600 రూపాయలు. రైళ్లు, పడవలకు రోజుకు 100 బాత్‌లు, మొత్తం 1,200 రూపాయలు. రాజభవనం 500, వాట్ ఫో గుడి 300, వాట్ అరుణ్ గుడి 200, ఈ మూడు టికెట్లకు 1,000 బాత్‌లు, 3,000 రూపాయలు. కలిపితే 29,600. ఇన్సూరెన్సు, సిమ్ కార్డు అని ఇంకో రెండు వేలు వేసుకో. మందు, షాపింగ్ ఇందులో లేవు, ఉండకూడదు కూడా. ఆ రెండింటికి ఎవడి జేబు వాడిదే అని ఇక్కడే ఒప్పందం చేసుకోండి.

మన దగ్గర చిట్టీలు తెలియని ఇల్లు లేదు కదా, అదే పద్ధతి పెట్టుకోండి. తలా నెలకు 3,200, పది నెలలు. వేలం పాట లేని చిట్టీ అనుకోండి. లెక్క మొబైల్ షాపు వాడికి అప్పజెప్పండి, రోజూ గల్లా మూసేటప్పుడు పైసాతో సహా లెక్క చూసుకునే మనిషి వాడు. అక్కడ దిగాక కూడా వాడే ఖజాంచీ. రోజూ పొద్దున్నే తలా 500 బాత్‌లు వాడి చేతిలో వేయాలి, ఆ రోజు తిండి, రైలు, పడవ అన్నీ ఆ సంచీలోంచే పోవాలి, రాత్రికి మిగిలింది రేపటికి. ఎవడు ఎంత తిన్నాడు, నూడుల్స్ నీవా నావా అనే పంచాయితీ ఉండదు. సాఫ్ట్‌వేర్ తమ్ముడికి మంచి గది కావాలంటే అదే హాస్టల్లో విడి గదులుంటాయి, తేడా వాడు కట్టుకుని వాడే పడుకుంటాడు. అందరినీ తన గది స్థాయికి లాగొద్దని మాత్రం చెప్పు.

ఒక్క సంగతి టీచర్‌తోనే కాదు అందరితోనూ మాట్లాడాలి. టూరిస్టుగా వచ్చినవాళ్లను ఒక్కొక్కరి దగ్గర 20,000 బాత్‌లకు సరిపడా డబ్బు చూపించమని అక్కడి ఇమిగ్రేషన్ వాళ్లు అడగవచ్చు. అందరినీ అడగరు, అడిగినప్పుడు మాత్రం నీళ్లు నమలకూడదు. ఇది ఖర్చుకు కాదు, ఆపదకు చేతిలో ఉండాల్సిన డబ్బు. ఎవడి దగ్గరైనా అంత లేకపోతే మీలో ఉన్నవాడు చేబదులు ఇవ్వండి, ముట్టుకోకుండా తిరిగి తెచ్చి ఇస్తాడు.

ఇక ప్యాకేజీ. ఆ ఏజెంటు చెప్పిన నాలుగు రాత్రుల్లో రెండు పట్టాయాలో ఉంటాయి, అడిగి చూడు. పట్టాయా 150 కిలోమీటర్ల దూరం. దిగీ దిగగానే బస్సులో అటు, మళ్లీ రెండు రోజులకు బస్సులో ఇటు, మధ్యలో బట్టలు సర్దడం, గదులు మారడం. దానికి తోడు దారిలో రత్నాల షోరూం అనీ తోలు వస్తువుల దుకాణం అనీ ఆపుతారు, అక్కడ గంటసేపు ఏసీలో నిలబడి కొనకుండా బయటికి రావడం ఒక పరీక్ష. మీకున్నదే నాలుగు రోజులు, నాలుగు రోజులకు బ్యాంకాక్ ఒక్కటే ఎక్కువ. ప్యాకేజీ కొంటే టీసీఎస్ అని పన్ను కూడా పట్టుకుంటారు, ఇన్‌కం ట్యాక్స్ రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు గానీ టీచర్ చేత రిటర్న్ వేయించేది ఎవరు? సొంతంగానే పోండి. చదువుకున్న ఐదుగురు కుర్రాళ్లకు అక్కడ ఏజెంటు అక్కర్లేదు.

ఊరు దాటి ఎక్కడికైనా పోవాలనిపిస్తే ఆయుత్తయకు పోండి. బ్యాంకాక్ నుంచి మామూలు రైల్లో మూడో తరగతి టికెట్ 20 బాత్‌లకు అటూఇటూ, రెండు గంటల లోపు ప్రయాణం, కిటికీలు తెరిచి ఉంటాయి, మన కాచిగూడ ప్యాసింజర్ ఎక్కినవాళ్లకు కొత్తేమీ ఉండదు. నాలుగు వందల ఏళ్లు వాళ్ల రాజధాని అది, 1767లో బర్మా సైన్యం తగలబెట్టింది. సైకిళ్లు అద్దెకు తీసుకుని ఆ ఇటుక గోపురాల మధ్య తిరగండి. వాట్ మహాథాత్‌లో రావిచెట్టు వేళ్ల మధ్య ఇరుక్కున్న బుద్ధుడి తల ఉంటుంది, అక్కడ ఫోటో దిగేటప్పుడు నిలబడకుండా కింద కూర్చోవాలి, తల కంటే ఎత్తులో ఉండకూడదని వాళ్ల మర్యాద.

బస ఎక్కడంటే, అందరూ ఖావో సాన్ వీధి పేరు చెప్తారు. అక్కడ మెట్రో లేదు, రాత్రి రెండింటి దాకా స్పీకర్ల మోత. నేనైతే చైనా టౌన్ పక్కన హువా లాంఫోంగ్, సామ్ యోత్ మెట్రో స్టేషన్ల చుట్టూ వెతకమంటాను. ఎందుకంటే మీరు ఐదుగురు. ఐదు చెడ్డ సంఖ్య, తమ్ముడూ. టాక్సీలో నలుగురే పడతారు, టుక్‌టుక్‌లో ముగ్గురు, పెద్ద బండి బుక్ చేస్తే రేటు పెద్దది, రెండు బండ్లలో పోతే ఒక బండి వాళ్లు ఎక్కడో తప్పిపోయి అరగంట ఫోన్లు. కాబట్టి రైలు, పడవ, కాళ్లు. సువర్ణభూమి విమానాశ్రయంలో దిగితే కింది అంతస్తుకే రైలు వస్తుంది, మక్కాసాన్‌లో దిగి పక్కనే ఉన్న ఫెచ్చబురి మెట్రో స్టేషన్‌కు నడిచి నీలం లైను ఎక్కితే నేరుగా హువా లాంఫోంగ్. అక్కడి నుంచి సనామ్ చాయ్ స్టేషన్ మూడే స్టాపులు, మెట్లెక్కి బయటికి వస్తే వాట్ ఫో నడక దూరం. మెట్రోలో టోకెన్ కోసం క్యూ కట్టకుండా విదేశాల్లో పనిచేసే వీసా, మాస్టర్‌కార్డు గేటుకు ఆనించి పోవచ్చు, ఒక కార్డుతో ఒక్కరే. చవక విమానాలు కొన్ని డాన్ మువాంగ్ అనే పాత విమానాశ్రయంలో దిగుతాయి, అదీ ఊరికి రైలు ఉన్నదే, కానీ టికెట్ మీద ఏ విమానాశ్రయమో చూసుకుని హాస్టల్ దారి ముందే రాసిపెట్టుకోండి. ఇంకో మాట, ఆ చవక టికెట్లలో చేతిసంచీ 7 కిలోలే. ఐదుగురికి ఐదు పెద్ద బ్యాగులు ఎందుకు, కలిపి ఒకటో రెండో కొనుక్కోండి.

డబ్బు మార్చుకోవడం గురించి ఒక ముక్క. అక్కడ ఫోన్‌పే, గూగుల్ పే మీద ఆశ పెట్టుకోవద్దు. ఏటీఎంలో మన కార్డు పెట్టిన ప్రతిసారీ 200 బాత్‌లకు పైనే ఫీజు కోస్తారు, కాబట్టి తీస్తే ఒక్కసారే పెద్ద మొత్తం తీయండి, "రూపాయల్లో లెక్క కట్టమంటారా" అని మెషీను అడిగితే వద్దని బాత్‌లే ఎంచుకోండి, లేకపోతే రేటులో ముంచుతారు. ఇక్కడి నుంచి డాలర్లు తీసుకుపోతే విమానాశ్రయం హాల్లో కాకుండా కింద రైలు ఎక్కే అంతస్తులో ఉండే కౌంటర్లలో మార్చుకోండి, రేటు మెరుగ్గా ఉంటుంది.

చూడాల్సినవి అంటే పెద్ద జాబితా ఇవ్వను. మొదటి రోజు పొద్దున ఎనిమిదిన్నరకే రాజభవనం గేటు దగ్గర ఉండండి, పది దాటితే బస్సులు బస్సులు జనం దిగుతారు. మోకాళ్లు, భుజాలు కప్పే బట్టలు ఉండాలి, నిక్కర్లతో పోతే లోపలికి రానివ్వరు. మరకత బుద్ధుడి గుడి చుట్టూ ఉన్న వసారా గోడల మీద రామాయణం అంతా 178 బొమ్మల్లో గీసి ఉంటుంది, బంగారు రంగుతో. అందరూ బుద్ధుడిని చూసి సెల్ఫీ తీసుకుని పోతారు, మీరు మాత్రం ఆ గోడ వెంట నడవండి, పేరు రాయకపోయినా ఎవరెవరో మీకే తెలిసిపోతుంది. ఒక్క హనుమంతుడి దగ్గర కాస్త ఖంగు తింటారు, వాళ్ల కథలో ఆయన బ్రహ్మచారి కాదు, చాలా సరదా మనిషి. ఆ తర్వాత వాట్ ఫోలో 46 మీటర్ల పడుకున్న బుద్ధుడు, అక్కడి నుంచి థా టియన్ రేవులో పడవెక్కితే నది దాటి వాట్ అరుణ్, పడవకు 5 బాత్‌లు. సాయంత్రం నారింజ జెండా పడవలో నది మీద పొడుగునా పోండి, ఎంత దూరమైనా 16 బాత్‌లే. నీలం జెండా పడవ టూరిస్టులది, రేటు ఎక్కువ, నీళ్లు అవే.

డబ్బులు పెట్టకుండా చూసేవీ ఉన్నాయి. లుంఫినీ పార్కులో మన ఉడుముల కంటే పెద్ద ఉడుములు గట్టున పడుకుని ఉంటాయి, ఎవరినీ ఏమీ అనవు. చిత్ లోమ్ స్టేషన్ దగ్గర రోడ్డు మూలన నాలుగు ముఖాల బ్రహ్మ గుడి ఉంది, ఎరావన్ అంటారు. పక్కన హోటల్ కడుతుంటే వరసగా ప్రమాదాలు జరుగుతున్నాయని 1956లో కట్టారు. మొక్కు తీరినవాళ్లు డబ్బు కట్టి అక్కడే నాట్యం చేయిస్తారు. మన అలంపురంలో నవబ్రహ్మ ఆలయాలని పేరే గానీ లోపల ఉన్నవి శివలింగాలు, నిజంగా బ్రహ్మకు పూలదండలు వేసి మొక్కే జనాన్ని ఇక్కడ చూస్తారు. శని, ఆదివారాలు కలిస్తే చతుచక్ సంత. బట్టలు అక్కడ కొనండి, మాల్స్‌లో వద్దు.

తిండి. కారం మీకు సమస్య కాదు, వాళ్ల పచ్చి బొప్పాయి సలాడ్, సోమ్ తమ్ అంటారు, దాన్ని మామూలుగా చేయించుకు తినే ధైర్యం మన వాళ్లకు ఉంటుంది. రోడ్డు పక్క బండి మీద తులసి ఆకులు వేసి వేయించిన మాంసం, అన్నం, పైన గుడ్డు, 60 బాత్‌లు. ఎండ మండేటప్పుడు మాల్స్‌లోని ఫుడ్ కోర్టుల్లోకి దూరండి, అసోక్ దగ్గర టర్మినల్ 21లో పై అంతస్తు ఫుడ్ కోర్టు బయటి బండ్లంత చవక. గొడ్డు మాంసం వద్దనుకుంటే "మై ఆవ్ నుయా" అనండి. గుడ్డు ముట్టని తమ్ముడి సంగతే కష్టం, ఎందుకంటే కూరగాయల వేపుడులో కూడా చేప సాస్ పోస్తారు, అది లేకపోతే వాళ్లకు ఉప్పు వేసినట్టే ఉండదు. వాడు "జే" అనే మాట నేర్చుకోవాలి. పసుపు జెండా మీద ఎర్రటి థాయ్ అక్షరాలు కనిపిస్తే అది జే దుకాణం, మాంసం, చేప, గుడ్డు, పాలు, చివరికి వెల్లుల్లి కూడా ఉండదు. అది దొరకనప్పుడు, సామ్ యోత్ నుంచి నడిచి పోయేంత దూరంలో పాహురాత్ ఉంది, వాళ్ల లిటిల్ ఇండియా, అక్కడ పెద్ద గురుద్వారా, చుట్టూ రొట్టె, పప్పు దొరికే హోటళ్లు. ఆ దగ్గర్లో బస చూసుకోమనడానికి ఇదీ ఒక కారణం.

మోసాల గురించి ఎక్కువ భయపెట్టను. రాజభవనం దగ్గర ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి "ఇవాళ మూసేశారు, పండుగ, 20 బాత్‌లకే టుక్‌టుక్‌లో వేరే గుళ్లు చూపిస్తాం" అంటాడు. మూసెయ్యలేదు. ఆ టుక్‌టుక్ చివరికి రత్నాల దుకాణం ముందే ఆగుతుంది. టాక్సీ ఎక్కితే మీటరు వేయమనండి, 35 బాత్‌లతో మొదలవుతుంది, వేయనంటే దిగిపోండి. ఏదైనా గొడవ అయితే టూరిస్టు పోలీసు నంబరు 1155.

భయపెట్టాల్సినవి రెండున్నాయి. ఒకటి గంజాయి. 2022లో అక్కడ నిషేధం ఎత్తేశారు, 2025లో మళ్లీ డాక్టరు చీటీ ఉండాలన్నారు, దుకాణాలు మాత్రం వీధుల్లో కనిపిస్తాయి. అక్కడ ఏదున్నా ఇక్కడ ఎన్డీపీఎస్, అంటే మత్తుమందుల చట్టం కేసే. బ్యాంకాక్ నుంచి దిగినవాళ్ల పెట్టెల్లో హైడ్రోపోనిక్, అంటే మట్టి లేకుండా నీళ్లలో పెంచిన గంజాయి పట్టుబడ్డ వార్తలు శంషాబాద్ నుంచి తరచూ చదువుతూనే ఉన్నాం. "మావాడికి ఈ చాక్లెట్ల ప్యాకెట్ ఇవ్వండి, ఎయిర్‌పోర్టుకు వచ్చి తీసుకుంటాడు" అని ఎవరన్నా, తెలుగువాడైనా సరే, ముట్టుకోవద్దు. రెండోది ఉద్యోగం మాట. బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ, జీతం లక్ష అని నమ్మి పోయిన మన తెలంగాణ పిల్లలను సరిహద్దు దాటించి మయన్మార్‌లో సైబర్ మోసాల కేంద్రాల్లో పడేశారు, 2025లో వందల మందిని మన ప్రభుత్వం విమానాల్లో వెనక్కి తెచ్చింది. మీరు పోయేది తిరగడానికే, అక్కడ పరిచయమైనవాడు ఎంత తియ్యగా చెప్పినా విని ఊరుకోండి. ఈ రెండు కాక, ఈ-సిగరెట్ అక్కడ నిషేధం, ఎవరి దగ్గరైనా ఉంటే ఇంట్లోనే పెట్టి రమ్మను. రాజు గురించి, రాజకుటుంబం గురించి జోకులు వేయొద్దు, వీడియోల్లో కూడా. మూడు నుంచి పదిహేనేళ్లు జైలు పడే చట్టం ఉంది.

ఇప్పుడు గోవా అబద్ధం. వద్దు. పాస్‌పోర్ట్ మీద ముద్ర పడుతుంది, స్టేటస్‌లో ఎవడో ఒకడు ఫోటో పెట్టక మానడు, జడ్చర్లలో అది పెళ్లివారి ఇంటికి చేరడానికి గంట పట్టదు. అబద్ధం బయటపడ్డాక మీరు నిజంగా గుళ్లే చూసినా ఎవరూ నమ్మరు. పైగా అక్కడ పాస్‌పోర్ట్ పోయినా, ఒకడు ఆసుపత్రిలో పడినా ఇంటికి ఏమని ఫోన్ చేస్తారు? మీ వాళ్ల అనుమానం ఊరికే పుట్టింది కాదు. ఎరువుల డీలర్లకు, సిమెంటు డీలర్లకు టార్గెట్ కొడితే బ్యాంకాక్ ట్రిప్పు అని కంపెనీలు తీసుకుపోయిన రోజుల నుంచి మన ఊళ్లలో ఆ పేరుకు ఒక వాసన పట్టుకుంది, పోయొచ్చినవాళ్లు చెప్పిన కథలు కూడా అలాగే ఉండేవి. అందుకని పెళ్లి కుదిరిన తమ్ముడు తానే ఆ అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాలి, మధ్యవర్తుల ద్వారా కాదు. ఐదుగురి పేర్లు, హాస్టల్ అడ్రసు, విమానం వివరాలు ఇరువైపులా పెద్దవాళ్లకు పంపాలి. రామాయణం గోడ, బుద్ధుడు, బ్రహ్మ గుడి అని అమ్మలకు చెప్తే సగం గొడవ అక్కడే తీరుతుంది. మిగతా సగం మీ నడత మీద ఉంది. పాట్‌పాంగ్, నానా వీధుల్లో మెట్లెక్కి పైకి రమ్మని పిలిచే షోలకు పోతే, లోపల బిల్లు చూశాక తలుపు దగ్గర లావుపాటి మనుషులు నిలబడి ఉంటారు. ఎవడైనా పోతానంటే సంచీ డబ్బు ఇవ్వనని ఖజాంచీ చెప్పాలి.

పాస్‌పోర్ట్ లేని ఇద్దరూ ఈ వారమే మొదలుపెట్టండి. హైదరాబాద్ దాకా పోవక్కర్లేదు, మహబూబ్‌నగర్‌లోనే పోస్టాఫీసు పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఉంది. మామూలు ఫీజు 1,500 రూపాయలు. పేర్ల విషయంలో జాగ్రత్త, ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పదో తరగతి మెమోలో పూర్తిగా ఉండటం మనకు మామూలే, ముందు వాటిని ఒకటి చేయించుకోండి. టికెట్ మీద పేరు పాస్‌పోర్ట్‌లో ఎలా ఉంటే అక్షరం అక్షరం అలాగే ఉండాలి. ఉన్నవాళ్లది కూడా ప్రయాణం నాటికి ఆరు నెలలకు పైగా గడువు మిగిలి ఉండాలి. ఎవరి పాస్‌పోర్ట్‌లో అయినా ఈసీఆర్ అని ఉంటే, అంటే కొన్ని దేశాలకు పనికి పోవాలంటే మన ప్రభుత్వ అనుమతి కావాలని, థాయిలాండ్ ఆ జాబితాలో ఉన్న దేశమే కాబట్టి, పనికి పోతున్నాడేమోనని శంషాబాద్‌లోనే ప్రశ్నలు ఎక్కువ వేస్తారు, తిరుగు టికెట్, హాస్టల్ బుకింగ్ కాగితాలు చేతిలో ఉంచుకోవాలి. 2024 జూలైలో మనవాళ్లకు టూరిస్టు వీసా అక్కర్లేకుండా 60 రోజుల దాకా అనుమతి ఇచ్చారు, ఇవి మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే రోజు థాయ్ ఎంబసీ వెబ్‌సైట్ ఒకసారి చూడండి. దిగే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి, 2025 మే నుంచి పెట్టారు, అది ఉచితం. డబ్బు అడిగిన వెబ్‌సైట్ ఏదైనా దొంగదే.

చివరిది, ఏ నెల అన్నావు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం బాగుంటుంది, ధరలూ ఎక్కువగానే ఉంటాయి. ఏప్రిల్ మధ్యలో సోంగ్‌క్రాన్, ఊరంతా నీళ్లు చల్లుకుంటారు, సరదాగానే ఉంటుంది, ఎండ మాత్రం మన పాలమూరు ఎండకు ఉక్కపోత కలిపినట్టుంటుంది. కానీ మీలో సెలవు దొరకనివాడు టీచర్. వాడికి దసరా సెలవులే దారి. ఎంగిలిపూల బతుకమ్మ మరునాడు బయలుదేరి, నాలుగు రాత్రులుండి, సద్దులకు ముందే వచ్చేయండి. అది వానల కాలం, సాయంత్రాలు గంటా రెండు గంటలు దంచి కొడుతుంది, రోడ్లు ఆగిపోతాయి, మెట్రో ఆగదు, మీరు మెట్రో మీదే తిరుగుతారు కదా. పైగా మన నవరాత్రులు మొదలయ్యే రోజుల్లోనే చాలా ఏళ్లు అక్కడి చైనావాళ్ల శాకాహార పండుగ కూడా వస్తుంది, తొమ్మిది రోజులు. మీరు దిగబోయే చైనా టౌన్ అంతా పసుపు జెండాలే, గుడ్డు ముట్టని తమ్ముడు బండి బండికీ ఆగి తినొచ్చు, ఆ నాలుగు రోజులు వాడే మీకు గైడ్. సీలోమ్‌లోని మారియమ్మన్ గుడిలో నవరాత్రి పూజలు కూడా ఆ రోజుల్లోనే. దసరా సెలవులకు ఇక్కడి నుంచి టికెట్ ధర పెరుగుతుంది కాబట్టి మూడు నెలల ముందే కొనండి. తిరుగు ప్రయాణం సద్దులకు కనీసం రెండు రోజుల ముందుకు పెట్టుకోండి, విమానం ఆలస్యమైనా రద్దయినా పండుగ నాటికి ఇంటికి చేరతారు.